మీట నొక్కితే గేరు... రేటు వింటే బేజారు!

సన్నటి టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిలు ఉన్న పందెం సైకిలును రోడ్ బైక్ అంటారు. పెట్రోలు లేదు, ఇంజను లేదు, తొక్కేది మన కాళ్లే. అయినా దాని ధర లక్షల్లో పలుకుతోంది. చాలదన్నట్టు గేర్లు మార్చే ఉక్కు తీగ పోయి బ్యాటరీ, మోటారు వచ్చి కూర్చున్నాయి. అంత పోసి కొంటే గిట్టుబాటేనా? ఆ గేర్ల వెనకా, ఆ రేట్ల వెనకా ఉన్న విశేషాలు కొన్ని చూద్దాం.

సైకిలా, కారా?

అమెరికా కంపెనీ స్పెషలైజ్డ్ తన మేటి మోడల్ ఎస్-వర్క్స్ టార్మాక్ ఎస్ఎల్7ను 2020లో తెచ్చినప్పుడు అక్కడ దాని ధర 12,000 డాలర్లు. 2023లో ఎస్ఎల్8 వచ్చింది. ధర 14,000 డాలర్లకు ఎగబాకింది. అప్పటి మారకం రేటులో పదకొండున్నర లక్షల రూపాయల పైమాటే. ఆ డబ్బుకు మన ఊళ్లో అయిదుగురు కూర్చునే కొత్త కారు ఏసీతో సహా ఇంటి ముందుకొస్తుంది. సైకిలు మీద కూర్చునేది ఒక్కరే. ఏసీ అంటారా, తొక్కినంతసేపూ ఎదురుగాలే! ఇంతా చేసి ఈ స్థాయి సైకిళ్లను చాలావరకు పెడల్స్ లేకుండానే అమ్ముతారు. ఎవరి బూట్లకు సరిపడేవి వాళ్లు వేరుగా కొనుక్కోవాల్సిందే.

పందెం సైకిలు అంగట్లోనూ ఉండాలి

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనల్లో ఒక తమాషా ఉంది. పందెంలో వాడే సైకిలు మామూలు జనం కూడా కొనుక్కోగలిగేదై ఉండాలి. రహస్యంగా ఒకే ఒక్క సైకిలు తయారుచేసి, దాని మీద మన వీరుణ్ని ఎక్కించి గెలిపిస్తామంటే కుదరదు. అందుకే టూర్ డి ఫ్రాన్స్‌లో విజేత తొక్కిన సైకిలు షాపులో కూడా ధర చీటీతో కనిపిస్తుంది. డబ్బున్న ఔత్సాహికుడికి అది పండగే. కాకపోతే ప్రయోగశాలల్లో, గాలి సొరంగాల్లో పెట్టిన ఖర్చులో కొంత ఆ చీటీ మీదికే ఎక్కుతుంది. ఇంకో నిబంధన ప్రకారం 2000 నుంచి పందెం సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు. అంటే లక్షలు పోసి గ్రాములు తగ్గించుకునే యావకు పందెంలో ఒక హద్దుంది. బయట తొక్కేవాళ్లకు మాత్రం అదీ లేదు.

గేర్లా? ముసలివాళ్లకు!

టూర్ డి ఫ్రాన్స్‌ను 1903లో మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టేది కాదు. నలభై అయిదేళ్లు దాటినవాళ్లకే అవి కావాలనీ, కుర్రాళ్లు కండబలంతో గెలవాలనీ ఆయన వాదన. అందుకే డిరైలర్, అంటే చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే పరికరం, టూర్‌లోని ప్రధాన పోటీదారులకు 1937 దాకా నిషిద్ధం. అనుమతి దొరికిన ఆ ఏడాదే ఫ్రాన్సుకు చెందిన రోజె లపెబీ దానితో టూర్ గెలిచాడు. ఇవాళ ఎలక్ట్రానిక్ గేర్లను చూసి 'ఇది సైక్లింగే కాదు' అని పెదవి విరిచేవాళ్ల వాదనకు నూరేళ్ల పైబడిన వారసత్వం ఉందన్నమాట.

చక్రం ఊడదీసి గేరు మార్చేవారు

డిరైలర్ రాకముందు పందెగాళ్లు కొండ ఎలా ఎక్కేవారు? వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు సైజుల పళ్ల చక్రాలు ఉండేవి. కొండ కింద ఆగడం, చక్రం విప్పడం, అటుది ఇటు తిప్పి బిగించడం, మళ్లీ తొక్కడం. ఇటలీ పందెగాడు తుల్లియో కాంపన్యోలో 1927లో క్రోచే దావునె కనుమ దగ్గర, మంచుకు చేతులు కొంకర్లు పోయి, చక్రం బిగించే నట్టు విప్పలేక పందెం పోగొట్టుకున్నాడని కథగా చెబుతారు. తర్వాత ఆయన ఒక్క మీట తిప్పితే చక్రం ఊడొచ్చే 'క్విక్ రిలీజ్' కనిపెట్టాడు. 1933లో విచెంజాలో సొంత కంపెనీ పెట్టాడు. కథలో ఉప్పూకారం ఎంతున్నా ఆ మీట మాత్రం నిజం. దశాబ్దాల పాటు ప్రపంచంలోని మంచి సైకిళ్లన్నింటికీ అదే దిక్కయింది.

కత్తుల ఊరి నుంచి గేర్లు

జపాన్‌లోని సకాయ్ పట్టణం కత్తులకు, వంటింటి చాకులకు పేరుమోసింది. లోహం పని తెలిసిన ఆ ఊళ్లో 1921లో షిమానో మొదలైంది. మొదటి సరుకు సైకిలు ఫ్రీవీల్, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం. ఆ కంపెనీయే 1984లో తన పై తరగతి డ్యూరా-ఏస్ గేర్లకు 'టిక్' నేర్పింది. అంతకుముందు ఫ్రేము కింది గొట్టం మీదున్న మీటను కొంచెం కొంచెంగా లాగుతూ, చైను చప్పుడు వింటూ సరైన చోటు వెతుక్కోవాలి. 1984 తర్వాత ఒక టిక్‌కు ఒక గేరు. 1990లో ఆ మీటను బ్రేకు పిడిలోకే చేర్చారు. హ్యాండిలు మీంచి చెయ్యి తీయకుండా గేరు మార్చుకునే సదుపాయం అలా వచ్చింది. మామూలుగా తొక్కేవాడికి దక్కిన అసలు సుఖం ఇదే. ఆ తర్వాత వచ్చినవన్నీ దీనికి మెరుగులే.

కరెంటు గేర్లు కొత్తవేం కావు

ఎలక్ట్రానిక్ గేర్లు ఈ పదేళ్లలో పుట్టాయనుకుంటే పొరపాటు. ఫ్రెంచి కంపెనీ మావిక్ 1990ల తొలినాళ్లలోనే 'జాప్' పేరుతో వాటిని పందేల్లోకి దించింది. అందులోని చమత్కారం ఏమిటంటే, బ్యాటరీ చేసేది చిన్న పిన్నును కదల్చడమే. గేరును నెట్టే బలం చైనుతోపాటు తిరిగే చిన్న చక్రం నుంచే వచ్చేది. 1999లో అదే కంపెనీ తీగ లేకుండా రేడియో సంకేతంతో పనిచేసే 'మెక్ట్రానిక్' తెచ్చింది. ఆలోచన భేషుగ్గా ఉంది కానీ నమ్మకం కుదరలేదు. వానలో తడిసి, దుమ్ములో దొర్లి, రాళ్లమీద ఎగిరిపడే చోట సున్నితమైన సరుకు నిలవాలంటే ఇంకో పదేళ్లు పట్టింది.

టూర్ గెలిచిన బ్యాటరీ

షిమానో 'డీఐ2' పేరుతో ఎలక్ట్రానిక్ డ్యూరా-ఏస్‌ను 2009లో అంగట్లోకి తెచ్చింది. 2011లో కాడెల్ ఎవాన్స్ టూర్ గెలిచిన సైకిలుకు ఉన్నవి ఈ గేర్లే. అదే ఏడాది కాంపన్యోలో 'ఈపీఎస్' వచ్చింది. 2015లో అమెరికా కంపెనీ శ్రామ్ తీగలన్నీ ఎత్తేసి 'రెడ్ ఈట్యాప్' చూపించింది. అందులో మీటల పద్ధతే వేరు. కుడి మీట నొక్కితే బరువు గేరు, ఎడమ మీట నొక్కితే తేలిక గేరు, రెండూ కలిపి నొక్కితే ముందు పళ్ల చక్రం మారుతుంది. కొత్తగా ఎక్కినవాళ్లు కూడా కాసేపట్లో అలవాటు పడిపోతారు. పాత పద్ధతిలో ఏ మీట ఎటు తోస్తుందో గుర్తుండడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

లోపల జరిగేది ఇదీ

ఎలక్ట్రానిక్ గేరంటే సైకిలు తనంతట తాను పోతుందని కాదు. తొక్కే బలం రవ్వంత కూడా కలవదు. బ్రేకు పిడి పక్కనున్న మీటను వేలితో తాకితే చిన్న స్విచ్చి పడుతుంది. సంకేతం వెనక డిరైలర్‌కు చేరగానే లోపలి బుల్లి మోటారు 'జ్జ్' మని తిరిగి, ముందే లెక్కగట్టిన దూరం మేరకు దాన్ని జరుపుతుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే కొలత. ముందు డిరైలర్ దగ్గర ఇంకో విశేషం ఉంది. వెనక చైను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జరిగేకొద్దీ ముందున్న రేకుకు రాసుకుని గరగరమంటుంది. డీఐ2లో ఎవరూ చెప్పకుండానే ఆ రేకు కొంచెం పక్కకు తప్పుకుంటుంది. సైకిలును స్టాండు మీద పెట్టి వెనక గేర్లు ఒక్కొక్కటే మార్చి చూడండి. మీరు వెనక మీటే నొక్కుతున్నా ముందు మోటారు కూడా మధ్యలో ఒకసారి చిన్నగా గొణుగుతుంది.

మిల్లీమీటర్ల లెక్క

వెనక ఎనిమిది పళ్ల చక్రాలున్న రోజుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి దూరం 4.8 మిల్లీమీటర్లు. పదకొండు చక్రాలు వచ్చేసరికి అది సుమారు 3.7కు తగ్గింది. ఇప్పుడు పన్నెండు, పదమూడు కూడా వచ్చాయి. సందు తగ్గేకొద్దీ తీగ రవ్వంత సాగినా, దాని తొడుగులో దుమ్ము చేరినా గేరు తడబడుతుంది. ఆ తీగ మందం 1.2 మిల్లీమీటర్లే. బ్రేకు పిడి లోపల మలుపు తిరిగే చోట దాని పోగులు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. పైకి ఏమీ కనబడదు, గేర్లు మాత్రం మొరాయిస్తాయి. ఆ దశలో మార్చుకుంటే కొన్ని వందల రూపాయలతో పోతుంది. అశ్రద్ధ చేస్తే తీగ పిడిలోనే తెగి, ముక్కలు లోపల ఇరుక్కుని, ఇంటిదాకా ఒకే గేరులో తొక్కాల్సి వస్తుంది. ఎలక్ట్రానిక్ గేర్ల పక్షాన ఇంతకంటే గట్టి వాదన లేదు. వాటిలో సాగడానికీ, తుప్పుపట్టడానికీ ఆ ఉక్కు తీగే లేదు.

39 సెకన్ల చైను

2010 టూర్, 15వ దశ, పోర్ట్ ద బాలెస్ కొండ. మొత్తం మీద ముందున్నవాడి పసుపు చొక్కా తొడుక్కున్న ఆండీ ష్లెక్ దూకుడు పెంచిన క్షణంలోనే అతని చైను ఊడింది. దిగి చైను తగిలించుకునేలోపు ఆల్బెర్తో కొంతదోర్ దాటిపోయాడు. ఆ రోజు ష్లెక్ పోగొట్టుకున్నది 39 సెకన్లు. పారిస్‌లో టూర్ ముగిసేసరికి ఇద్దరి మధ్య తేడా కూడా సరిగ్గా 39 సెకన్లే! ఆగకుండా దాటిపోవడం మర్యాదేనా అని చాలాకాలం రచ్చ నడిచింది. చివరికి డోపింగ్ కేసులో 2012లో కొంతదోర్ గెలుపు రద్దయి టైటిల్ ష్లెక్‌కే దక్కింది. అతని సైకిలుకు ఉన్నవి తీగతో నడిచే గేర్లు. 'ఎలక్ట్రానిక్ అయితే ఊడేది కాదు' అనేవాళ్లు తర్వాతి ముచ్చట కూడా చదవాలి.

బ్యాటరీ ఉన్నా ఊడింది

ఇటలీ పెద్ద పందెం జీరో డి ఇటాలియా, 2023. చివరికి ముందు రోజు, మోంతె లుస్సారి కొండ మీద టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే దశ. జెరెయింట్ థామస్ కంటే 26 సెకన్లు వెనకబడి ఉన్న ప్రిమోజ్ రోగ్లిచ్ ప్రాణం పెట్టి తొక్కుతున్నాడు. గతుకులో పడి చైను ఊడింది. అతనివి తీగల్లేని ఎలక్ట్రానిక్ గేర్లు. దిగి చేత్తోనే తగిలించుకున్నాడు. ప్రేక్షకుల్లోంచి ఒకాయన పరుగెత్తుకొచ్చి వెనకనుంచి తోశాడు. చూడబోతే అతను రోగ్లిచ్ స్కీ జంపింగ్ రోజుల పాత సహచరుడు! అంత జరిగినా ఆ రోజు థామస్‌ను 40 సెకన్లతో కొట్టి, 14 సెకన్ల తేడాతో జీరో గెలిచాడు. గతుకుకు తీగా తెలియదు, బ్యాటరీ తెలియదు.

వెయ్యి కిలోమీటర్లు సరే, మిగతా రెండొందలో?

కొత్త డీఐ2 బ్యాటరీ ఒకసారి నింపితే వెయ్యి కిలోమీటర్ల దాకా వస్తుందని షిమానో చెబుతుంది. శ్రామ్ లెక్క గంటల్లో ఉంటుంది, సుమారు అరవై. రోజూ తొక్కేవాళ్లకు నెలకోసారి చార్జింగ్ పెడితే చాలు. 1891లో మొదలై ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతున్న పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో మాత్రం 90 గంటల్లో 1,200 కిలోమీటర్లు తొక్కాలి. మన దేశం నుంచి కూడా 200, 300, 400, 600 కిలోమీటర్ల 'బ్రెవె'లనే దూరపు సవారీలు పూర్తిచేసిన 'రాండనీర్లు' దీనికి వెళుతుంటారు. వాళ్లు లైట్లకూ ఫోన్లకూ తోడు గేర్ల చార్జింగ్ కూడా లెక్క వేసుకోవాలి. డీఐ2లో చార్జి అడుగంటితే ముందు డిరైలర్ మొదట ఆగుతుంది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది. శ్రామ్‌లో ముందూ వెనకా బ్యాటరీలు ఒకే రకం. వెనకది చచ్చిపోతే ముందుది తీసి అక్కడ పెట్టుకుని ఇల్లు చేరొచ్చు.

తొక్కకపోయినా నిద్రపోదు

శ్రామ్ గేర్లలో కదలికను పసిగట్టే ఏర్పాటుంది. సైకిలు కదిలితే మేలుకుంటాయి, ఆపి పెడితే నిద్రపోతాయి. కారు వెనక రాకుకు కట్టి హైదరాబాదు నుంచి శ్రీశైలం తీసుకెళితే? సైకిలు ఊగినంతసేపూ గేర్లు మేలుకునే ఉంటాయి, చార్జి తగ్గుతూ ఉంటుంది. తెలిసినవాళ్లు బ్యాటరీలు తీసి జేబులో వేసుకుని బయల్దేరతారు. ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత సైకిలు సామాను తెప్పించుకోవడం మనకు అలవాటే. గేర్లు చెకిన్ సూట్‌కేసులో వేసుకోవచ్చు కానీ విడి లిథియం బ్యాటరీలను మాత్రం విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి. బావగారికి ఆ మాట ముందే చెప్పండి. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పించాక చెబితే లాభం లేదు.

గేర్లకు హ్యాకర్లు

తీగలు లేని గేర్లకు రేడియో సంకేతమే ఆధారం. మరి ఆ సంకేతాన్ని పక్కవాడు దొంగిలిస్తే? అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ, శాన్ డియేగో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2024 ఆగస్టులో ఆ పనే చేసి చూపించారు. బజార్లో దొరికే రేడియో పరికరంతో షిమానో సంకేతాన్ని పట్టి దాచుకుని, తిరిగి వదిలి, పది మీటర్ల దూరం నుంచి ఇతరుల సైకిలు గేరు మార్చేశారు. కావాలంటే గేరు అసలు మారకుండా అడ్డుకోవచ్చని కూడా తేల్చారు. షిమానో ఆ పరిశోధకులతో కలిసి పనిచేసి సాఫ్ట్‌వేరు సవరణ విడుదల చేసింది. మన వీధి చివర ఎవరూ ఆ పని చేయబోరు కానీ, సైకిలుకు కూడా ఫోన్‌లా 'అప్‌డేట్' చేసుకునే రోజులొచ్చాయి మరి.

ఎగిసిన గిరాకీ, పడిన గిరాకీ

కరోనా కాలంలో బస్సులు, జిమ్ములు మూతపడి ప్రపంచమంతా సైకిళ్ల మీద పడింది. సరుకు దొరక్క విడిభాగాలకు నెలల తరబడి ఎదురుచూశారు. ధరలు పెరిగాయి, తగ్గింపులు మాయమయ్యాయి. షిమానో అమ్మకాలు, దాని రెండో వ్యాపారమైన చేపల గాలాలతో కలిపి, 2022లో సుమారు 62,890 కోట్ల యెన్‌లకు చేరాయి. 2023లో ఒక్కసారిగా 47,440 కోట్లకు జారాయి. గోదాములు నిండిపోయాయి. సైకిలు వ్యాపారంలో పేరున్న బ్రిటన్ ఆన్‌లైన్ దుకాణం విగిల్ ఆ ఏడాదే దివాలా తీసింది. అయినా కొత్త మేటి మోడళ్ల చీటీ ధరలు పెద్దగా దిగిరాలేదు. పాత ఏడాది నిల్వలు మాత్రం తగ్గింపులతో కదిలాయి. నిదానంగా కొనేవాడికి మంచి బేరం దొరికేది అక్కడే.

తీగకు దారి మూసేశారు

ధరలు పెరగడానికి గేర్లొక్కటే కారణం కాదు. గ్రెగ్ లెమాండ్ 1986లో కార్బన్ ఫ్రేము మీద మొట్టమొదటిసారి టూర్ గెలిచినప్పటి నుంచి కార్బన్ పొరలు పేర్చే చేతిపని పెరుగుతూనే ఉంది. రోడ్డు పందేల్లో డిస్క్ బ్రేకులకు యూసీఐ 2018లో పూర్తి అనుమతి ఇచ్చింది. ఆపైన గాలికి అడ్డు లేకుండా బ్రేకు గొట్టాలూ తీగలూ అన్నీ హ్యాండిలు లోపల్నుంచి, మెడ బేరింగుల మధ్యనుంచి ఫ్రేములోకి పోనిచ్చారు. అన్ని మలుపులు తిరిగితే గేరు తీగ బిగుసుకుపోతుంది. మార్చాలన్నా సగం సైకిలు విప్పాలి. అప్పుడు కంపెనీ ఏమంటుంది? 'ఎలక్ట్రానిక్ పెట్టించుకోండి, ఆ బాధే ఉండదు' అంటుంది. బాధ పెట్టిందీ వాళ్లే, మందు అమ్ముతోందీ వాళ్లే!

అడగకుండానే తీసేశారు

2021 ఆగస్టు చివర వచ్చిన కొత్త డ్యూరా-ఏస్, దాని కింది తరగతి అల్టెగ్రా రెండూ ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వచ్చాయి. తీగ గేర్లు కావాలంటే కొత్త తరంలో లేవు. 2022లో మధ్యతరగతి వాళ్ల గేర్లుగా పేరుపడ్డ '105' కూడా డీఐ2గానే ముందు దిగింది. పన్నెండు గేర్ల తీగ 105 మరుసటి ఏడాది వెనకనుంచి వచ్చి చేరింది. అంటే 'విలువ ఉందా, లేదా' అని కొనేవాడు తూచుకునేలోపే పై తరగతుల్లో తక్కెడ ఎత్తేశారు. షాపులో రెండు మోడళ్ల మధ్య ధర తేడా చూసి అదంతా గేర్ల ఖరీదే అనుకోవద్దు. ఎలక్ట్రానిక్ మోడల్‌కు చాలాసార్లు మంచి చక్రాలు, మెరుగైన ఫ్రేము కూడా కలిపే అమ్ముతారు. వేరు చేసి అడగనిదే అసలు లెక్క తేలదు.

ముగ్గురి మధ్య బజారు

మంచి రోడ్డు సైకిళ్ల గేర్లంటే ప్రధానంగా షిమానో, శ్రామ్, కాంపన్యోలో. షిమానో తన సామానంతా కలిపి కొనే కంపెనీలకు 10 శాతం తగ్గింపు ఇస్తూ తమను బజార్లోకి రానివ్వడం లేదని శ్రామ్ 1990లో దావా వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇక కాంపన్యోలో 2023లో తీగల్లేని సూపర్ రికార్డ్ గేర్ల సెట్టును 5,200 యూరోలకు ప్రకటించింది. సైకిలు కాదు, ఒక్క సెట్టే నాలుగున్నర లక్షల పైన! అందులో దశాబ్దాలుగా ఉన్న బొటనవేలి మీటను తీసేస్తే అభిమానులు గోలపెట్టారు. 2025లో పదమూడు గేర్ల సెట్టుతో ఆ మీట తిరిగొచ్చింది. ఇప్పుడు చైనా నుంచి ఎల్‌టూ, వీల్‌టాప్ లాంటివి ఎలక్ట్రానిక్ గేర్లతో చౌకగా దిగుతున్నాయి. పెద్దలు ధరలు దించితే వాటి పోటీ వల్లే దించాలి.

ఒక్క పన్ను కోసం తగవు

ఇక్కడ పన్ను అంటే పళ్ల చక్రం మీది పన్ను. వేగాలు మితిమీరుతున్నాయని యూసీఐ 2025 అక్టోబరులో చైనాలోని టూర్ ఆఫ్ గ్వాంగ్షీలో అతి పెద్ద గేరును 54×11కు, అంటే ముందు 54, వెనక 11 పళ్లకు, పరిమితం చేసి చూద్దామనుకుంది. ఒక్కసారి పెడల్ తిప్పితే 10.46 మీటర్లు పోయే గేరది. శ్రామ్ రోడ్డు గేర్లలో అతి చిన్న చక్రానికి ఉండేవి పదే పళ్లు. 'నిబంధన ఒక్క మా మీదే పడుతోంది' అని శ్రామ్ బెల్జియం పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. ఆ సంస్థ ప్రయోగాన్ని నిలిపేయమంది. పదికీ పదకొండుకూ మధ్య ఒక్క పన్ను తేడా నియంత్రణ సంస్థ మెట్లదాకా పోయిందంటే దాని వెనక ఎంత వ్యాపారం ఉందో ఊహించుకోవచ్చు.

రేవు దాటితే రేటు మారుతుంది

లూధియానా, చెన్నై కర్మాగారాలు మనకు మామూలు సైకిళ్లను చౌకగానే ఇస్తాయి. ఖరీదైన రోడ్డు సైకిళ్లు మాత్రం చాలావరకు దిగుమతి సరుకే. 2023 బడ్జెట్‌లో దిగుమతి సైకిళ్ల సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది. సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ 35 శాతం లెక్కన వంద రూపాయల సైకిలు రేవు దాటేసరికి 135 అవుతుంది. పాత జీఎస్టీతో 151, కొత్తదానితో 142 కంటే కొంచెం తక్కువ. రవాణా, దుకాణం లాభం, డాలరు రేటు వేరే. పాత ధర చూసుకుని షాపుకు వెళ్లేవాళ్లు ఈ జీఎస్టీ తగ్గుదల తమకు అందిందో లేదో బిల్లులో చూసి అడగాలి.

మన దారుల్లో ఎన్ని గేర్లు?

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న మొదలైంది. పైన సౌర ఫలకాల కప్పు, కింద నీడ. పెద్ద ఎత్తుపల్లాలు లేని అలాంటి చోట మీట పని తక్కువే. రెండు మూడు గేర్లతో పొద్దు గడిచిపోతుంది. విశాఖ నుంచి అరకు పోయే అనంతగిరి ఘాట్‌లో అలా కుదరదు. మలుపు మలుపుకూ వాలు మారుతుంది, చెమట పట్టిన వేళ్లు మాటిమాటికీ మీట మీదికి పోతాయి. తేలిగ్గా పడే మీట విలువ తెలిసేది అక్కడే. అయితే అక్కడా ముందు చూడాల్సింది వెనక చక్రానికి కొండకు సరిపడే పెద్ద పళ్ల చక్రం ఉందా, లేదా అన్నది. అది లేకపోతే ఎంత మెత్తని మీట అయినా మోకాళ్లను కాపాడదు.

ఎవరికి పండగ, ఎవరికి దండగ?

ట్రయాథ్లాన్, టైమ్ ట్రయల్ వాళ్లకు పండగే. ముందుకు వంగి మోచేతులు ఆనించి తొక్కేటప్పుడు ఒక మీట, లేచి బ్రేకు పట్టుకున్నప్పుడు ఇంకో మీట. రెండు చోట్ల నుంచీ గేరు మార్చడం తీగతో అయ్యే పని కాదు. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు, కీళ్లనొప్పులవాళ్లకు, రాత్రంతా తొక్కే రాండనీర్లకు కూడా మేలే. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు తొక్కి టిఫిను తిని ఇంటికొచ్చేవాళ్లకు మాత్రం తీగ 105తోనో, అంతకంటే కింది తరగతితోనో సరిపోతుంది. ఆ తేడా డబ్బుతో మంచి టైర్లు, ఒంటికి సరిపోయేలా సైకిలు కొలతలు సర్దించుకోవడం, ఏడాది సర్వీసు అన్నీ వస్తాయి. డిరైలర్ తగిలించే లోహపు కొక్కెం ఒకసారి కిందపడి వంగితే తీగ గేర్లూ తడబడతాయి, మోటారు గేర్లూ తడబడతాయి. చిన్న ఊళ్లలో ఆ కొక్కెం సరిచేసే మిస్త్రీ దొరుకుతాడు కానీ, డీఐ2ను కంప్యూటరుకు కలిపి చూసే మనిషి దొరకడం కష్టం.

చైనుకు కరెంటు సంగతి తెలియదు

పదకొండు వేలదైనా, పదకొండు లక్షలదైనా చైను అరుగుదల ఒకటే. చైనులో పది లింకులు, అంటే లోపలిదీ బయటిదీ కలిపి పది జతలు, కొత్తలో 254 మిల్లీమీటర్లు ఉంటాయి. అది అర శాతం, అంటే ఒకటింబావు మిల్లీమీటరు సాగితే పదకొండు, పన్నెండు గేర్ల చైనును మార్చేయాలి. బద్ధకిస్తే ఆ సాగిన చైను వెనకున్న పళ్ల చక్రాలన్నింటినీ కొరుక్కుతింటుంది. పై తరగతి గేర్లలో ఆ చక్రాల సెట్టు చైను కంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఈ సాగుడు కొలిచే రేకు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. లక్షల సైకిలు కొనే ముందు ఆ రేకుకు, నూనెకు, అరిగినప్పుడల్లా మార్చే చైనుకు డబ్బు పక్కన పెట్టుకోండి. అవన్నీ పోగా మిగిలితే మీట సంగతి చూడొచ్చు.